బీరువా వెనక నల్ల తీగ

మిరప టిక్కీ, అంటే కాయలు కుక్కిన గోతం, ఒకటి నలభై కేజీలు తూగుద్ది. ముఠా కూలీలు దాన్ని వీపు మీద మోసుకొచ్చి, గోతాల నిట్టు మీద పడేసి, నడుం నిటారు చేసుకుంటారు. మళ్ళీ ఇంకోటి. ఎంత బరువైనా దించే చోటు ఉంది వాళ్ళకి. నేను మోసేదానికి ఆ చోటు ఇన్నేళ్ళలో దొరకలేదు. బరువెంత అంటే నవ్వుతారు. దబ్బనం మొనంత.

చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ళ మొహం చూసి చెప్పలేకే గదా ఇంతకాలం గడిచింది. నాకు రాయడం రాదు. సంతకం గీకుతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. పక్కింటి కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాయమ్మా, నన్ను మంచిదాన్ని చెయ్యొద్దు అన్నాను. సరే పిన్నీ అంది. రాస్తూ నా వంక చూడొద్దని కూడా అన్నాను. గోడ వైపు తిరిగి కూర్చుంది పాపం.

గుంటూరు దాటాక రోడ్డు వారన ఒక కోల్డు స్టోరేజీ. పేరు వద్దు. మా ఆయన అక్కడే టిక్కీలు మోసేవాడు. జ్వరం తలకెక్కి నాలుగు రోజుల్లో పోయాడు. ఓనరు గారు నన్ను పిలిపించి, ఊడవడానికీ, మంచినీళ్ళు పెట్టడానికీ, చిరిగిన గోతాలు కుట్టడానికీ పెట్టుకున్నారు. ఆ మాట దాచకూడదు. వాళ్ళు నాకు అన్నం పెట్టారు.

అక్కడ పని ఎట్టా జరిగేదో చెప్పకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. రైతు ట్రాక్టరు మీద కాయలు తెస్తాడు. కాటా వేస్తారు. రైతు పేరు, ఊరు, ఎన్ని టిక్కీలు, లాటు నంబరు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసి సీలు గుద్దుతారు. సీలు పడ్డ చీటీ చేతికొస్తేనే ముఠా మేస్త్రి టిక్కీ మీద చెయ్యేస్తాడు. చీటీ లేకపోతే వానొచ్చినా వరదొచ్చినా సరుకు బయటే. అది కట్టుబాటు. ఒకరి లాటు ఇంకొకరి లాటులో కలిస్తే తలలు పగిలేవి మరి.

చీటీలు రాసేది పేరయ్య గారని పెద్దాయన. ఆయనకి మణికట్టు నొప్పి. ఒకరోజు, నేను రాస్తా నువ్వు గుద్దమ్మా అని రబ్బరు స్టాంపు నా చేతిలో పెట్టాడు. అప్పటినుంచి మధ్య గదిలో, కిటికీ పక్కన, నాకొక స్టూలు. అక్షరాలు రాకపోయినా సీలు ఏ వైపు పైకో నాకు తెలుసు. ఒక్కటంటే ఒక్కటి తలకిందులుగా గుద్దలేదు. చీటీ కిటికీలోంచి అందిస్తూ ఊరి పేరు పెట్టి కేకేసేదాన్ని. నాది గొడ్డు గొంతు. రోడ్డవతల టీ కొట్టు కాడ కూర్చున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచొచ్చేవాళ్ళు.

రైతులు నాకు పేరు పెట్టారు. సీలమ్మ.

"సీలమ్మా, మా చీటీ ఎప్పటికొచ్చుద్ది?" అనేవాళ్ళు. "నీ మీసం నెరిసేలోపు వచ్చుద్దిలే, కూర్చో" అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. మొగుడు పోయిన ఆడదానికి ఊళ్ళో పేరుండదు. ఫలానావాడి పెళ్ళాం అనడం కూడా మానేస్తారు. అట్టాంటిది నాకొక పేరు. ఊదారంగు ఇంకు ఆదివారం కూడా వేళ్ళకి ఉండేది. రుద్ది కడుక్కునేదాన్ని కాదు.

ఇది ఎందుకు చెబుతున్నాను? నా మీద జాలి పుట్టాలనా? కాదు. కాదనే అనుకుంటున్నా. ఏం పోతే నేను అంతకి తెగించానో మీకు తెలియాలి గదా.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంట అని జనం చెప్పుకునే రోజులవి. మా ఓనరు గారు మటుకు అప్పుడే కంప్యూటర్లు పెట్టించారు. పెట్టింది మాల్యాద్రి. ప్రకాశం జిల్లా మనిషి. గుంటూరులో గది తీసుకుని, మోపెడ్ మీద ఆఫీసులు తిరుగుతూ కంప్యూటర్లు బిగించేవాడు. ముప్పై దాటినవాడు, మర్యాదస్తుడు. నన్ను అక్కా అనేవాడు.

మధ్య గదిలో నా స్టూలు తీసేసి ఒక పెద్ద పెట్టె పెట్టాడు. అది సర్వరంట. దాని పక్కన ప్రింటరు. కాటా దగ్గర ఒకటి, కౌంటర్లో ఒకటి, మేనేజరు గారి గదిలో ఒకటి, మూడు చిన్న కంప్యూటర్లు. వాటిలో ఎక్కడ నొక్కినా చీటీ మధ్య గదిలో వచ్చేది, కర్రు కర్రుమంటూ. సీలు కాయితం మీద ముందే అచ్చేయించారు. ఇక గుద్దేదేముంది? పేరయ్య గారిని కాటా కాడికి పంపారు. నా చేతికి మళ్ళీ చీపురు.

మాల్యాద్రి టీ తాగుతూ నాకు అన్నీ చెప్పేవాడు. ఊడ్చేదానికి ఎందుకు చెప్పడం అనుకోలేదు. పెద్ద పెట్టెలో ఉండేది లైనక్సు, చిన్నవాటిలో విండోసు, దాని భాష వేరు వీటి భాష వేరు, మధ్యలో మాట మార్చి చెప్పేది ఇంకోటి ఉంటుంది, దాని పేరు సాంబా అన్నాడు. మన సాంబయ్యేనా అన్నాను. పొలమారిందాకా నవ్వాడు. తర్వాత ఆఫీసులో అందరికీ అదే మాటయింది. చీటీ ఆలస్యమైతే సాంబయ్య అలిగాడు అనేవాళ్ళు.

ఇంకో మాట చెప్పాడు. ఎన్ని నీళ్ళున్నా కాలవకి గండి పడితే చివరి చేను ఎండాల్సిందేనక్కా, కంప్యూటర్లన్నిటినీ పెద్ద పెట్టెకి కలిపే ఈ నల్ల తీగే మన కాలవ, బీరువా వెనకనుంచి పోతోంది, ఎలకలు కొరక్కుండా నువ్వే చూడాలి అన్నాడు. మేనేజరుకి చెప్పలేదు. నాకు చెప్పాడు. ఆయువుపట్టు ఎక్కడుందో నమ్మి చూపించాడు. నేను అక్కడే గుచ్చాను.

కంప్యూటర్లకి కొబ్బరికాయ కొట్టిన రోజు, పసుపూ కుంకుమా పెట్టి, మొదటి చీటీ దేవుడి పటం ముందు పెట్టారు. మేనేజరు గారు మెల్లగా, నువ్వు కాస్త అటుండమ్మా, బోణీ కాయితం, ఏమనుకోకు అన్నారు. తలుపు వెనక నిలబడ్డాను. అది ఆ రోజుకే అనుకున్నా. కాదు. రోజూ పొద్దున మొదటి చీటీ వచ్చిందాకా నేను వెనక వసారాలో ఉండాలి. ఆ మిషను ముట్టుకోకూడదు. పేరయ్య గారి దగ్గర ఈ పట్టింపులు లేవు. ఆయన పొద్దున్నే మొదటి చీటీ కూడా నాచేతే గుద్దించేవాడు. ఎవరి కాయలకీ పురుగు పట్టలేదు.

ఒకసారి ప్రింటరులో రిబ్బను తెగింది. గుంటూరు నుంచి కొత్తది వచ్చేదాకా ఒక పూట పేరయ్య గారు రాశాడు, నేను గుద్దాను. సీలమ్మ వచ్చిందిరోయ్ అని రైతులు ఈలలేశారు. పాపం, వాళ్ళకేం తెలుసు? ఆ పూటే నా మనసులో విషం పడింది. అది ఆగితే ఇది నాది.

చైత్రమాసం. కాయలు జోరుగా దిగుతున్నాయి. పొద్దున్నే నేను బిందెతో వస్తుంటే లోపల కాయితం మడతపడి ఇరుక్కుంది. మేనేజరు గారు అంతమంది రైతుల ముందు, పొద్దున్నే ఎదురొచ్చావా, ఇంకేం కాయితం వచ్చుద్ది అన్నారు. కోపంగా కూడా కాదు. నవ్వుతూ. కొందరు నవ్వారు. నా జోకులకి నవ్వినవాళ్ళే.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయారు. నేను చిరిగిన గోతం ఒళ్ళో వేసుకుని కుడుతున్నా. గోతాలు కుట్టే దబ్బనం తెలుసుగా, వేలెడు పొడుగు, మొన కాస్త వంపు. లేచాను. బీరువా వెనక ఊడ్చే సందులోకి చెయ్యి పోనిచ్చాను. తీగ దొరికింది. గుచ్చాను. ఒక్కసారే. తోలు గట్టిగా ఉంది, లోపల మెత్తగా తగిలింది. తీసేశాను. గోతం మిగతా కుట్టు కుట్టాను.

ఆలోచించకుండా చేశానా? అట్టా చెప్పుకుందామని ఎన్నిసార్లు చూశానో. కానీ కత్తిపీట తీసుకోలేదే నేను. కోస్తే కనపడుద్ది. దబ్బనమే తీసుకున్నా. కనపడకూడదని నా చేతికి తెలుసు. చేతికి తెలిసింది నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

పూర్తిగా ఆగిపోయినా బాగుండేది. ఆగలేదు. ఒక చీటీ వచ్చేది. రెండోది సగం వచ్చి నిలిచిపోయేది, పేరు ఉండేది లాటు నంబరు ఉండేది కాదు. అరగంట ఏమీ లేదు. ఉన్నట్టుండి ఒకే రైతుది అయిదారు చీటీలు గబగబా. మాల్యాద్రి వచ్చాడు. వచ్చి మూడు రోజులు ఆ గదిలోనే ఉన్నాడు.

మిరప ఘాటుకి కళ్ళు ఎర్రబడి, చొక్కా తడిసి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు చూస్తూ తనలో తనే మాట్లాడుకునేవాడు. కాయితం ఇక్కడిదాకా రాలేదే. వచ్చింది. మళ్ళీ రాలేదే. కాటా దగ్గరికి పరిగెత్తి ఆ కంప్యూటర్లో ప్రింటరు తీసేసి మళ్ళీ పెట్టేవాడు. పాసువర్డు మార్చేవాడు. సాంబాని ఆపి మళ్ళీ లేపేవాడు. పరీక్ష కాయితం కొడితే చక్కగా వచ్చేది. హమ్మయ్య అనుకుని మోపెడ్ స్టాండు తీసేలోపు మళ్ళీ ఆగేది. తీగ చివర్లు రెండూ ఊడదీసి కొత్తవి బిగించాడు. చివర్లలో ఏముంది? జబ్బు నడుమ ఉంది. చేసిందల్లా పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేవాడు, గంటా నిమిషంతో సహా. మాట మార్చి చెప్పే ఆ సాంబయ్యని పట్టుకుని ఏం తప్పు చెప్పావు, ఏం తప్పు చెప్పావు అని మూడు రోజులు నిలదీశాడు. నోరు నొక్కింది నేను.

ఆ మూడు రోజులూ స్టాంపు నా చేతిలో ఉంది. నేను సంతోషంగా ఉన్నాను. అన్నం రుచిగా ఉంది. కిటికీ దగ్గర కూర్చుని కేకలేశాను, జోకులేశాను, వెనక ఆ మనిషి చెమటలు కక్కుతుంటే.

కానీ పేరయ్య గారి చెయ్యి వెనకటి చెయ్యి కాదు. నాలుగు చీటీలకోసారి ఆగి మణికట్టు నొక్కుకునేవాడు. ట్రాక్టర్లు రోడ్డు మీదికి బారు తీరాయి. కనిగిరి వైపునుంచి ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. మెట్ట పొలం కాయలు. మనిషి మాట్లాడడు. ఆమె రెండు రోజులు టిక్కీల పక్కనే వండుకుని తింది. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పడితే కిటికీ దగ్గరికొచ్చి, సీలమ్మా, మాది కాస్త ముందు కొట్టించు తల్లీ, వానొచ్చేట్టుంది అంది. నేను ఏమన్నానో తెలుసా? అందరూ వచ్చింది కాయలతోనేనమ్మా, వరసలో ఉండు అన్నాను. దర్జాగా. స్టాంపు పట్టుకుని.

వాన వచ్చింది. నేల తడిపిపోయే పదును వాన కాదు, బాదిపారేసింది. పట్టాలు చాలలేదు. ఆ మనిషి పంచె విప్పి టిక్కీల మీద కప్పాడు. ఆమె రెండు చేతులూ చాపి టిక్కీల మీద బోర్లా పడుకుంది, బిడ్డల్ని కప్పుకున్నట్టు. గోతాల కింద నుంచి ఎర్ర నీళ్ళు వచ్చాయి. వాకిట్లోకి, మెట్టు మీదికి, నా కాళ్ళ దాకా. తడిసిన కాయ ఏమవుద్దో ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. బూజు పట్టి నల్లబడుద్ది. చలి గదిలోకి రానివ్వరు. వాళ్ళు అదే ట్రాక్టరు మీద అట్టాగే వెనక్కి పోయారు. ఏమయ్యారు? నేను అడగలేదు. కనిగిరి వైపు వాళ్ళు ఎవరొచ్చినా నోటిదాకా వచ్చేది. ఏం వినాల్సి వచ్చుద్దోనని మింగేదాన్ని. ఈనాటికీ చినుకు పడితే మెట్టు వైపు చూస్తాను. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయోనని.

వాన వెలిశాక బీరువా సందులో చెయ్యి పెట్టాను. తీగ మీద వేలు పెట్టి వెతికాను. కుట్టిన కుట్టు విప్పొచ్చు. గుచ్చింది ఎట్టా విప్పుతాం? చెప్పెయ్యి అనుకున్నా. ఇప్పుడు చెప్పెయ్యి. చెప్పలేదు.

మర్నాడు పొద్దున మాల్యాద్రి నన్ను పిలిచాడు. గదిలో ఇద్దరమే. బీరువా నిండా పాత పుస్తకాలు, నలుగురు పడితేగాని కదలదు. దాని వంకే చూస్తూ అడిగాడు.

"అక్కా, కోప్పడకు. ఈ బీరువా వెనక ఎలకలేమన్నా తిరిగాయా? తీగనెవరన్నా కదిపారా? పోనీ ఊడ్చేటప్పుడు నీ చెయ్యేమన్నా..."

"నా చెయ్యా?" అన్నాను. గొంతు పెంచాను. "ముండమోసినదాన్నని నన్ను ఆ మిషను ఛాయలకే రానివ్వరు గదయ్యా. ఊరందరికీ తెలుసు. నేను ముట్టుకుంటానా? రోజూ ఊడుస్తున్నా, ఎలకా లేదు, పందికొక్కూ లేదు."

ఆ మనిషి మొహం మాడిపోయింది. లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోయిందక్కా. అడక్కూడనిది అడిగాను. మనసులో పెట్టుకోకు."

నాకు క్షమాపణ చెప్పాడు. నాకు. ఏ మాటతో నన్ను పదిమందిలో కొట్టారో, ఆ మాటనే డాలు చేసుకుని ఒక మంచివాడి మీదికి పోయాను. ఎవరూ నన్ను అనుమానించలేదు. ఎట్టా అనుమానిస్తారు? ముట్టుకోకూడనిది ముట్టుకోదు గదా. ఆయన బీరువా కదిలించే ఆలోచనే మానుకున్నాడు. మళ్ళీ ఆ నల్ల తెర ముందు కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఓనరు గారు వచ్చారు. తడిసిన సరుకు తాలూకు రైతులు వాకిట్లో కేకలేస్తున్నారు. ఓనరు గారు మాల్యాద్రిని పట్టుకుని, ఊరికే వచ్చే సరుకు తెచ్చి మా నెత్తిన రుద్దావు, నీకు చేతకాకపోతే చేతకాదని ముందే చెప్పాల్సింది అన్నారు. లైనక్సుకి డబ్బు కట్టక్కర్లేదని పెట్టించింది మాల్యాద్రే. స్క్రూ డ్రైవర్లు సంచిలో వేసుకున్నాడు. నోటుబుక్కు చొక్కా లోపల పెట్టుకున్నాడు. తాగిన టీ గ్లాసు తనే కడిగి బోర్లించి పోయాడు.

తర్వాత ఇంకెవరో వచ్చారు. పాత తీగలన్నీ పీకి చుట్టచుట్టి పారేశారు, కొత్తవి లాగారు, సర్వరులో కూడా విండోసే వేశారు. ప్రింటరు అదే. చీటీలు గడగడా వచ్చాయి. చూశారా, ఆ లైనక్సే దరిద్రం అన్నారు అందరూ. పారేసిన తీగలో సన్నటి చిల్లు ఎవరు చూస్తారు? ఆ మాట గుంటూరు ఆఫీసులన్నిటికీ పాకింది. మాల్యాద్రి పెట్టిన చోటల్లా తీయించేశారని విన్నాను. స్టాంపు సొరుగులో పడింది. నన్ను సీలమ్మా అనేవాళ్ళు తగ్గి తగ్గి, ఆఖరికి లేకుండా పోయారు. కనిగిరామె పిలిచిందే నా చెవిలో మిగిలిన పిలుపు.

ఏడెనిమిదేళ్ళకి అద్దంకి బస్టాండులో కనపడ్డాడు. నేను తప్పుకుందామని చూశాను. ఆయనే అక్కా అంటూ వచ్చాడు. జుట్టు నెరిసింది. ఎరువుల కొట్లో గుమాస్తాగా చేస్తున్నాడంట. కంప్యూటర్లు చెయ్యట్లేదా అని నోరు జారి అడిగాను. మానేశానక్కా అన్నాడు. చెయ్యలేక కాదంట. ఏది బిగించినా నాకు తెలియంది ఏదో లోపల ఉందేమోనని చేతులు వణుకుతాయి అన్నాడు. ఆ నోటుబుక్కు ఇంకా ఉందంట. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాడంట, ఎక్కడ తప్పానా అని. నవ్వుతూ చెప్పాడు. నాకు అరిటిపళ్ళు కొనిచ్చాడు.

అప్పుడు చెబితే ఏమయ్యేది? ఉద్యోగం పోవడానికి అప్పటికే నేను ఆ పని మానేసి రెండేళ్ళయింది. నన్ను ఎవరూ ఏమీ చేసేది లేదు. ఒక్క మాట. ఆ మనిషి చేతుల్లో వణుకు ఆగడానికి ఒక్క మాట. గుచ్చింది ఒళ్ళు తెలియని కోపంలో అని ఎవరన్నా అనొచ్చు. బస్టాండులో నాకు ఏ కోపమూ లేదు. బస్సొచ్చింది, ఎక్కాను. అరిటిపళ్ళు తిన్నాను కూడా. ఆకలేసింది, తిన్నాను.

తర్వాత ఒకసారి ఆ ఎరువుల కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. మూసేశారు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. లేటుగా వెళ్ళినందుకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అదీ రాయమ్మా. అది కూడా రాయి.

మాల్యాద్రీ, ఇది నీ కళ్ళపడుద్దో లేదో. పడితే ఆ నోటుబుక్కు తియ్యి. ఆఖరి గీత కింద చోటుంటే రాసుకో. సర్వరులో తప్పు లేదు. సాంబాలో తప్పు లేదు. మూడు కంప్యూటర్లలో నువ్వు చేసిందేదీ తప్పు కాదు. ఇనప బీరువా వెనక, నేలకి జానెడు ఎత్తున, నల్ల తీగలో ఒక దబ్బనం పోటు. నేను ముట్టుకున్నాను.

పక్కింటి కోడలు రాయడం ఆపింది. ఇటు తిరగలేదు. క్షమించమని రాయనా పిన్నీ అని గోడకేసి అడిగింది. వద్దన్నాను. ఆ మాట ఆయన ఒకసారి నాకు చెప్పాడు. ఆ మాట ఇక నా నోట రాకూడదు.

దించాను. దించింది నేల మీదో, ఆయన మీదో తెలియదు. నడుం మాత్రం కాస్త లేచింది.